అప్‌డేట్: వెళ్ళిపోనా అని అడిగాను కదా, ఇంకా ఇక్కడే ఉన్నాను

వాలంటీర్‌గా పరాయి దేశం వచ్చి ఆరు వారాలైంది, చేతిలో పనిలేదు, భాష రాదు, మధ్యలో మానేస్తే తప్పా అని నాలుగు నెలల కిందట అడిగాను. "పని కోసం వెతకడం ఆపి, ముందు జనంలో కూర్చో" అన్నారొకరు. అప్పుడు ఒళ్ళు మండింది కానీ, చివరికి అదే పనికొచ్చింది.

రోజూ సాయంత్రం బడి బయట బెంచీ మీద కూర్చునేదాన్ని. పిల్లలు నా నోట్‌బుక్ లాక్కుని చెట్టు, మేక, వాన బొమ్మలు గీసి, కింద వాటి పేర్లు నాతో రాయించేవాళ్ళు. తప్పు పలికితే పడీ పడీ నవ్వేవాళ్ళు. ఇప్పుడు మూడో తరగతి లెక్కల క్లాసులో టీచరుకి సాయం చేస్తున్నాను. గొప్ప పనేం కాదు, కానీ నేను రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతున్నారు.

తాగే నీళ్ళు ఎంతసేపు కాచాలని అడిగినవాళ్ళకు: తెర్లడం మొదలయ్యాక 1 నిమిషం చాలు, 2000 మీటర్ల కంటే ఎత్తులో ఉంటే 3 నిమిషాలు. నేను పావుగంట కాచి బోలెడు గ్యాస్ తగలేశాను. మలేరియా రాకుండా వేసుకునే డాక్సీసైక్లిన్‌తో ఎండకు చర్మం కమిలిపోతుందని హెచ్చరించినవారికి దండం. విననందుకు నా మెడే సాక్ష్యం! ఇక్కడినుంచి వెళ్ళాక కూడా 4 వారాలు వేసుకోవాలి.

ఇంటి బెంగ పోలేదు. రోజూ ఫోన్ చేస్తే ఇంకా పెరుగుతోందని ఆదివారానికి కుదించాను. అమ్మ రెండు వారాలు అలిగింది.

విమానం టికెట్ల రేట్లు చూడటం మానేశాను. అంటే, వారానికోసారే చూస్తున్నాను.