పైరూ పశువూ రెండూ కలిసిన పీజీ చేయాలంటే ఏ సబ్జెక్టు పెట్టుకోవాలి?

చెనక్కాయ చేను (అడిగినవారు):
అందరికీ నమస్కారం. బీఎస్సీ అగ్రికల్చర్ ఆఖరి ఏడాదిలో ఉన్నాను. మాది చిత్తూరు వైపు. మూడెకరాల చేను, నాలుగు పాడి ఆవులు. వేరుశనగ కాయ అమ్ముకుంటాం, కట్టె (కాయ తెంపాక మిగిలే తీగ, ఆకు) ఆవులకు వేస్తాం, పేడ మళ్లీ చేనుకు తోలుతాం. పీజీలో కూడా ఈ రెండూ కలిసిన చదువే చదవాలని ఉంది. విదేశాల్లో సుస్థిర వ్యవసాయం పేరుతో అలాంటి కోర్సులు ఉన్నాయంటున్నారు. మన దగ్గర ఏం పెట్టుకోవాలి? నేను ఎంవీఎస్సీకి (పశువైద్య పీజీకి) వెళ్లొచ్చా? ఇంట్లో వాళ్లేమో పీజీ ఎందుకు, ఏఓ (వ్యవసాయ అధికారి) పరీక్షకు చదువుకో అంటున్నారు. ఒకటే టెన్షన్.

ఎర్రనేల:
తమ్ముడూ, ఎంవీఎస్సీ సంగతి మర్చిపో. దానికి పశువైద్య డిగ్రీ, అంటే బీవీఎస్సీ అండ్ ఏహెచ్ ఉండి తీరాలి. ఇంట్లో వాళ్లు చెప్పిందీ కొట్టిపారేసేది కాదు. ఏఓ పోస్టుకైనా, బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పోస్టుకైనా బీఎస్సీ చాలు. పరిశోధన వైపో, పాఠాలు చెప్పే వైపో వెళ్లాలని ఉంటేనే పీజీ. ముందు అది తేల్చుకో.

చెనక్కాయ చేను:
పరిశోధన వైపే అన్నా. అది తేల్చుకున్నాకే అడుగుతున్నాను.

రిటైర్డ్ పంతులు:
అలాగైతే చెబుతాను బాబూ. నేను అగ్రానమీ (పైర్ల సాగు శాస్త్రం) వాణ్ని, కాబట్టి నా మాట కొంచెం అటే మొగ్గుతుంది, అది చూసుకో.

కోర్సు పేరులో సుస్థిరం అన్న మాట ఉందా లేదా అని వెతక్కు. ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) సిలబస్ ప్రకారం ఎమ్మెస్సీకి మొత్తం 70 క్రెడిట్లు. అందులో మేజర్ 20, మైనర్ 8, సపోర్టింగ్ 6, థీసిస్ ఒక్కటే 30. అంటే నువ్వు ఏం చదివావన్నది చాలావరకు థీసిసే చెబుతుంది. మేజర్ అగ్రానమీ పెట్టుకో, థీసిస్‌ను పశుగ్రాసం వైపు తిప్పుకో. మన దగ్గర నీకు అందుబాటులో ఉన్న దారి ఇదే అని నా అభిప్రాయం.

సమగ్ర వ్యవసాయం మీద థీసిస్ చేస్తానని చాలామంది ఉత్సాహంగా వస్తారు. ఎకరంలో వరి, గట్టు మీద గడ్డి, రెండు ఆవులు, కోళ్లు. వినడానికి బాగుంటుంది. రెప్లికేషన్లు (అదే ప్రయోగాన్ని ఎన్ని ప్లాట్లలో మళ్లీ చేశావన్నది) ఎన్ని అని ఎగ్జామినర్ అడిగితే మాత్రం జవాబుండదు. ఎకరం యూనిట్ ఒక్కటే ఉంటే గణాంకాలు ఎలా వేస్తావు? అలాంటివి ఏళ్ల తరబడి నడవాలి. మీరట్ దగ్గర మోదీపురంలో దీనికోసమే ఐసీఏఆర్ సంస్థ ఉంది, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో సమగ్ర వ్యవసాయ పరిశోధన పథకం కేంద్రం ఉంది. అక్కడ ఇప్పటికే నడుస్తున్న ప్రయోగంలో ఒక ముక్క దొరికితే సరే. సొంతంగా మొదలుపెడితే ఎమ్మెస్సీలో చేతికొచ్చేది ఒక ఖరీఫ్, ఒక రబీ, అంతే.

పశువుల మీద నేరుగా మేత ప్రయోగం చేయాలంటే ఇంకో చిక్కు. ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, ఒకే వయసు, ఒకే బరువు జంతువులు కావాలి, వాటిని నెలల తరబడి మేపాలి. అగ్రికల్చర్ కాలేజీ విద్యార్థికి అది తలకు మించిన పని. అందుకే పైరు పని పొలంలో చెయ్, పశువు పని ల్యాబులో చెయ్. ఎండబెట్టి పొడి చేసిన మేత 200 మిల్లీగ్రాములు గాజు సిరంజిలో వేస్తారు. నెమరువేసే పశువు పొట్టలోంచి తీసిన రసాన్ని బఫర్‌తో (పులుపు మారకుండా చూసే ద్రావణంతో) కలిపి 30 మిల్లీలీటర్లు పోసి, 39 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచుతారు. గ్యాస్ పుట్టేకొద్దీ పిస్టన్ పైకి జరుగుతుంది. ఎంత జరిగిందో చూసి ఆ మేత ఎంతవరకు అరుగుతుందో లెక్క కడతారు. పేరు హోహెన్‌హైమ్ గ్యాస్ టెస్ట్. నీ ప్లాట్లన్నిటి శాంపిళ్లూ పెట్టొచ్చు, కాబట్టి రెప్లికేషన్ల బాధ లేదు.

చెనక్కాయ చేను:
సార్, చాలా థాంక్స్. మరి ఆ ల్యాబు మా కాలేజీలో లేదే?

రిటైర్డ్ పంతులు:
అందుకే కాలేజీ చూసి చేరాలి. తిరుపతిలో, రాజేంద్రనగర్‌లో వ్యవసాయ కళాశాలా వెటర్నరీ కళాశాలా రెండూ ఉన్న ఊళ్లోనే ఉంటావు. 2005లో వెటర్నరీ విశ్వవిద్యాలయం విడిపోక ముందు ఇవన్నీ ఒకే విశ్వవిద్యాలయం. ఇప్పుడు వేరు కనుక, అక్కడి పశుపోషణ విభాగం వాళ్లను నీ థీసిస్‌ను చూసే అడ్వైజరీ కమిటీలో పెట్టుకోవడానికి మొదటి సెమిస్టర్‌లోనే గైడ్ ద్వారా లెటర్ పెట్టించు. ఆలస్యమైతే ఫైలు కదలదు.

విట్జెన్‌హౌసెన్ అక్క:
విదేశాల సంగతి నేను చెబుతాను. జర్మనీలో గొట్టింగెన్, కాస్సెల్ విశ్వవిద్యాలయాలు కలిసి నడిపే సస్టెయినబుల్ ఇంటర్నేషనల్ అగ్రికల్చర్ అనే ఎమ్మెస్సీ ఉంది. పాఠాలు ఇంగ్లిష్‌లోనే. నువ్వు అడిగినట్టు పైరూ పశువూ రెండు వైపుల పేపర్లూ తీసుకోవచ్చు. ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్ ఫీజు మాత్రం కట్టాలి. పంతులుగారు చెప్పిన టెస్టు పేరులోని హోహెన్‌హైమ్ విశ్వవిద్యాలయం జర్మనీలోనే వేరే రాష్ట్రంలో ఉంది, అక్కడ మనలాంటి వాళ్లకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు. నెదర్లాండ్స్‌లో వాఖెనింగెన్‌కు పేరెక్కువ, ఫీజూ ఎక్కువే.

ఫీజు లేదని ఖర్చు లేదనుకోవద్దు. వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు వేసి చూపించాలి. అది మన డబ్బే, నెలకు 992 చొప్పున వెనక్కి ఇస్తారు. కానీ ముందుగా ఒకేసారి సర్దాలి, అక్కడే చాలా ఇళ్లలో అప్పు మొదలవుతుంది. దీనికి తోడు మన దేశం వాళ్లకు ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు పత్రాలు సరైనవేనని జర్మనీ వాళ్లు చూసి ఇచ్చేది) తప్పనిసరి. కాన్సొలిడేటెడ్ మార్కుల మెమో కోసం ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టు. డాడ్ (విదేశీ విద్యార్థులకు సాయం చేసే జర్మనీ సంస్థ) వాళ్ల ఈపీఓఎస్ స్కాలర్‌షిప్ కావాలంటే డిగ్రీ తర్వాత రెండేళ్ల ఉద్యోగ అనుభవం అడుగుతారు, నీకు ఇప్పుడే రాదు.

ఎర్రనేల:
అక్కా, ఒకటి కలుపుతాను. తిరిగొచ్చి ఇక్కడ నెట్ (పాఠాలు చెప్పే ఉద్యోగాలకు అర్హత పరీక్ష) రాయాలంటే పీజీ ఏ సబ్జెక్టులో అన్నది చూస్తారు. పైరూ పశువూ కలిపిన డిగ్రీని అగ్రానమీ కింద తీసుకుంటారా లేదా అన్నది గొడవ. ఆ డిగ్రీ ఇక్కడి డిగ్రీతో సమానమేనని తుల్యతా పత్రం తెచ్చుకోవాలి. ఇక్కడే ఉండే ఆలోచనైతే ముందు ఐసీఏఆర్ పీజీ పరీక్ష గట్టిగా రాయి. 120 ప్రశ్నలు, 480 మార్కులు, తప్పుకు ఒక మార్కు పోతుంది. మంచి ర్యాంకొస్తే నెలకు 12,640 స్కాలర్‌షిప్, ఇంటి మీద భారం ఉండదు. ఈ ఏటి బులెటిన్‌లో మొత్తం సరిచూసుకో.

చెనక్కాయ చేను:
అక్కా, అన్నా, థాంక్స్. అయితే తిరుపతి ఫస్ట్ ఆప్షన్. సార్, వేరుశనగ కట్టె మీదే థీసిస్ చేయొచ్చా? మా వైపు టిక్కా (ఆకుమచ్చ) తెగులుకు ఆకు రాలిపోయి, కట్టె అంతా పుల్లలే మిగులుతోంది. ఆవులు ముట్టడం లేదు.

రిటైర్డ్ పంతులు:
బంగారం లాంటి టాపిక్. కట్టెలో మాంసకృత్తులు ఆకులోనే ఎక్కువ. ఇక్రిశాట్ (మెట్ట పంటల పరిశోధన సంస్థ) ఐసీజీవీ 91114 అనే వేరుశనగ రకాన్ని అనంతపురంలో రైతుల దగ్గర వేయించినప్పుడు కాయతో పాటు కట్టె మేపితే పాలు ఎలా ఉన్నాయో కూడా చూశారు, ఆ పేపర్లు చదువు. నువ్వు రెండు మూడు రకాలు తీసుకుని, తెగులు మందు కొట్టినవీ కొట్టనివీ, పీకే తేదీ వారం అటూ ఇటూ పెట్టి చూడొచ్చు. మందు కొట్టిన కట్టెను పశువుకు వేస్తే అవశేషాల ప్రశ్న వస్తుంది, దానికి ముందే సిద్ధంగా ఉండు.

శాంపిల్ మాత్రం పీకిన రోజే తియ్. కుప్ప వేసి ఎండాక తీస్తే ఆకంతా నేల మీదే ఉంటుంది, నీ లెక్క తప్పుతుంది. కింద గోనెపట్టా పరిచి, రాలిన ఆకును కూడా ఊడ్చి అదే సంచిలో వెయ్.