సిడ్నీ గ్రీన్‌స్ట్రీట్: 61 ఏళ్ళకి మొదటి సినిమా ఎలా సాధ్యమైంది?

నలుపుతెలుపు:
పాత హాలీవుడ్ చూసేవాళ్ళు ఎవరైనా చెప్తారేమో అని అడుగుతున్నా. ది మాల్టీస్ ఫాల్కన్ (1941) లో గట్‌మన్ గా వేసిన భారీ మనిషి ఉన్నాడు కదా, సిడ్నీ గ్రీన్‌స్ట్రీట్, ఇంగ్లండ్ ఆయన. ఆయనకి అది మొట్టమొదటి సినిమా అట, అప్పటికే 61 ఏళ్ళట! అసలు కెమెరా ముఖమే చూడనివాడు హంఫ్రీ బోగార్ట్ ఎదురుగా కూర్చుని అంత నింపాదిగా మాట్లాడుతూ సీన్ మొత్తం తనవైపు లాగేసుకోవడం ఏంటో నాకు అర్థం కావట్లేదు. పైగా సినిమా కెరీర్ మొత్తం కలిపి 8 ఏళ్ళే. ఆ ఆకారం చూసి పదే పదే తీసుకున్నారా, లేక నిజంగానే అంత నటుడా? కాసాబ్లాంకా కూడా చూశా, అవి రెండూ కాక ఇంకేం చూడాలో కూడా చెప్పండి.

వింగ్‌లో_నిలబడి:
మొదటి సినిమా అంటే కొత్తవాడు అనుకుంటున్నారు, అక్కడే వస్తోంది తేడా. ఆయన స్టేజీ ఎక్కింది 1902లో అండి. అంటే ఫాల్కన్ షూటింగ్ నాటికి దాదాపు 40 ఏళ్ళ నాటకానుభవం.

అంతకుముందు కథ ఇంకా విచిత్రం. 1879లో కెంట్ లోని శాండ్‌విచ్ అనే ఊళ్ళో పుట్టాడు, తోళ్ళ వ్యాపారం చేసే కుటుంబం. కుర్రాడిగా ఉన్నప్పుడే సిలోన్ వెళ్ళి తేయాకు తోటలు పెడదామనుకున్నాడు, వానల్లేక ఎండిపోయి ఆ పని కాస్తా మునిగింది, తిరిగొచ్చి ఒక బీరు కంపెనీలో మేనేజర్‌గా చేరి, విసుగు పోగొట్టుకోడానికి నటన నేర్చుకోవడం మొదలెట్టాడు. తొలి వేషం షెర్లాక్ హోమ్స్ నాటకంలో హంతకుడు. అంటే మొదటి రోజు నుంచీ దుర్మార్గుడే అన్నమాట, నవ్వొస్తుంది తలుచుకుంటే. తర్వాత బెన్ గ్రీట్ షేక్స్‌పియర్ కంపెనీతో ఊరూరా తిరిగి, వాళ్ళతోనే అమెరికా చేరి 1905లో న్యూయార్క్‌లో వేశాడు. ఇక అక్కడే ఉండిపోయాడు. షేక్స్‌పియరూ వేశాడు, పాటల నాటకాలూ వేశాడు, కామెడీ కూడా బోలెడు చేశాడు. 1930ల్లో ఆల్ఫ్రెడ్ లంట్, లిన్ ఫాంటాన్ జంటతో ఏళ్ళ తరబడి పనిచేశాడు. ఆ రోజుల్లో బ్రాడ్‌వేలో, అంటే న్యూయార్క్ నాటకరంగంలో, వాళ్ళని మించిన జంట లేదు, వాళ్ళ పక్కన నిలబడాలంటే ఒక్క మాట తడబడకూడదు, ఎక్కడ ఆగాలో ఎక్కడ అందుకోవాలో కొలత తెలిసుండాలి. వాళ్ళ నాటకం టూర్‌లో లాస్ ఏంజెలెస్ వచ్చినప్పుడే ఈయన జాన్ హ్యూస్టన్ కంట్లో పడ్డాడు. హ్యూస్టన్‌కి కూడా డైరెక్టర్‌గా ఫాల్కనే మొదటి సినిమా.

అలాగని బెదురు లేదనుకోవద్దు. మొదటి సీన్ ముందు భయమేసి ఆ సినిమా హీరోయిన్ మేరీ యాస్టర్‌ని నా చెయ్యి పట్టుకో అని అడిగాడట, ఆవిడే తర్వాత రాసుకుంది. తెర మీద ఎక్కడన్నా కనపడిందా ఆ బెదురు?

కెమెరాకన్ను:
నాటకానుభవం సరే, కాదనను, కానీ ఆకారాన్ని అలా పక్కకి తోసేయకండి బాబూ. నలభై ఏళ్ళు స్టేజీ చేసినవాళ్ళు అప్పట్లో వందల్లో ఉన్నారు, వాళ్ళందరూ గట్‌మన్ అయ్యారా ఏంటి. ఫాల్కన్‌కీ కాసాబ్లాంకాకీ కూడా కెమెరామన్ ఆర్థర్ ఎడిసన్. గట్‌మన్ కుర్చీలో కూర్చున్న షాట్లు చూడండి, కెమెరా కిందనుంచి పైకి చూస్తుంటుంది, ఫ్రేములో సగం పొట్టే, దాని మీద గడియారం గొలుసు, ఆ పైనెక్కడో ముఖం. స్టేజీ మీద ఎంత లావు మనిషైనా వెనక వరసలో కూర్చున్నవాడికి చిన్నగానే కనపడతాడు, ఇక్కడ మాత్రం గోడలా అడ్డం నిలబడతాడు. సుమారు 300 పౌండ్ల మనిషి, దాన్ని దాచే ప్రయత్నం చెయ్యకపోవడమే వాళ్ళ తెలివి. పాత్ర కూడా ఈ సినిమాకి మూలమైన డాషియల్ హ్యామెట్ నవల్లో రాసిందే కదా, భారీ శరీరంతో సహా.

ఇంకో సంగతి. నాగసాకి మీద వేసిన బాంబుకి ఫ్యాట్ మ్యాన్ అని పేరు పెట్టింది ఈ పాత్రని చూసే అని ఆ బాంబు తయారుచేసిన లాస్ అలమోస్ ల్యాబ్‌లో పనిచేసిన రాబర్ట్ సెర్బర్ తన జ్ఞాపకాల్లో రాశాడు. మొదటి సినిమాలో వేసిన వేషం ఎక్కడిదాకా పోయిందో చూడండి. ఒళ్ళు గగుర్పొడుస్తుంది నాకైతే.

వింగ్‌లో_నిలబడి:
@కెమెరాకన్ను షాట్ల గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటా. కానీ ఫాల్కన్ చివర్లో, అందరూ వెంటపడే ఆ పక్షి బొమ్మ నకిలీదని తెలిసే చోట కెమెరా ఏం చేసిందండీ? చాకుతో ఆ నల్ల పూత గీకుతూ గీకుతూ పిచ్చెక్కినట్టు అయిపోతాడు, ముఖం పాలిపోతుంది, పదిహేడేళ్ళ ఆశ బూడిద, పక్కనేమో అతని తోడుదొంగగా వేసిన పీటర్ లోరీ గోల పెట్టి ఏడుస్తుంటాడు. అంతలోనే సర్దుకుని నవ్వేసి, సరే పదండి ఇస్తాంబుల్ పోదాం, ఇంకో ఏడాది వెతుకుదాం అన్న ధోరణిలోకి వచ్చేస్తాడు. అరనిమిషంలో మనిషి కూలిపోయి మళ్ళీ లేచి నిలబడ్డాడు, అది పొట్టతో వచ్చే పని కాదు. సహాయ నటుడిగా ఆస్కార్ నామినేషన్ కూడా ఊరికే రాలేదు. ఆ ఏడాది అవార్డు డోనాల్డ్ క్రిస్ప్‌కి పోయింది, ఆయనా లండన్‌లో పుట్టినవాడే, కాకపోతే జీవితాంతం స్కాట్లండ్ వాణ్ణని చెప్పుకున్నాడు.

లోరీ_అభిమాని:
లోరీ పేరు ఎత్తారు కాబట్టి నేనూ దూరుతున్నా 😀 ఈ ఇద్దరూ కలిసి 9 సినిమాల్లో ఉన్నారు. ఈయన కొండంత, ఆయన పొట్టిగా పెద్ద పెద్ద కళ్ళేసుకుని, ఈ సినిమాలు తీసిన వార్నర్ స్టూడియో వాళ్ళకి ఇది కలిసొచ్చిన జోడీ అని వెంటనే తెలిసిపోయింది. తమాషా ఏంటంటే కాసాబ్లాంకాలో ఇద్దరూ ఉన్నారు గానీ ఒక్క సీన్‌లో కూడా కలవరు, అందులో గ్రీన్‌స్ట్రీట్ బ్లూ పారట్ అనే బార్ ఓనర్ ఫెరారీ, ఉన్నది కాసేపే, ఈగల్ని కొడుతూ బేరాలాడుతుంటాడు.

జోడీగా చూడాలంటే ది మాస్క్ ఆఫ్ డిమిట్రియోస్ (1944). మామూలుగా స్టార్ల వెనక నిలబడే ఈ ఇద్దరే అందులో కథ మొత్తం నడిపిస్తారు, కొంచెం మెల్లగా వెళ్తుంది, ఓపిక పట్టాలి. డైరెక్టర్ జీన్ నెగులెస్కోనే త్రీ స్ట్రేంజర్స్ (1946) కూడా తీశాడు, అందులో క్లయింటు సొమ్ము వాడేసుకున్న లండన్ లాయరు ఈయన, పరువు పోతుందన్న భయం రోజురోజుకీ పెరిగి ఎక్కడికి తీసుకెళ్తుందో చూడండి, నా ఉద్దేశంలో గట్‌మన్ కన్నా కష్టమైన వేషం అది. ఎందుకంటే గట్‌మన్‌కి భయమంటే తెలీదు, ఈ లాయర్‌కి భయం తప్ప ఇంకేం లేదు.

ది వర్డిక్ట్ (1946) కూడా వదలొద్దు. స్కాట్లండ్ యార్డ్ అధికారి, ఒక నిర్దోషిని ఉరికంబం ఎక్కించానని తెలిసి ఉద్యోగం పోగొట్టుకుంటాడు. మిగతాది చెప్పను.

నలుపుతెలుపు:
ఇన్ని చెప్తారనుకోలేదు, థాంక్స్ అందరికీ. మరి అన్నీ ఇలాంటి చీకటి వేషాలేనా, కామెడీ చేశాడన్నారు కదా స్టేజీ మీద? ఇంకా 1949తో ఎందుకు ఆపేశాడు?

వింగ్‌లో_నిలబడి:
కామెడీ ఉంది. క్రిస్మస్ ఇన్ కనెక్టికట్ (1945) లో బార్బరా స్టాన్విక్ పనిచేసే పత్రిక యజమాని, పెద్దమనిషి తరహా, ఎదుటివాళ్ళు ఎంత ఇబ్బందిలో ఉన్నారో పట్టించుకోకుండా తన ధోరణిలో తను హాయిగా తిరుగుతుంటాడు. ది హక్‌స్టర్స్ (1947) లో సబ్బుల కంపెనీ అధిపతి, మీటింగ్ టేబుల్ మీద అందరి ముందూ ఉమ్మేసి ఇది అసహ్యంగా ఉంది కదా, కానీ నన్ను మర్చిపోరు, ప్రకటన అంటే ఇదే అన్నట్టు పాఠం చెప్తాడు, క్లార్క్ గేబుల్ చూస్తూ ఉండిపోతాడు. ఫ్లెమింగో రోడ్ (1949) లో షెరిఫ్ టైటస్ సెంపుల్ అయితే గట్‌మన్‌లో ఉన్న ఆ సరదా కూడా లేని ఉత్త విషం, వరండాలో కుర్చీ వేసుకుని పాలు తాగుతూ ఊరంతా ఏలుతుంటాడు.

ఆపేయడానికి కారణం ఆరోగ్యం. షుగరు, దానికి తోడు కిడ్నీ జబ్బు. మలయా (1949) చివరి సినిమా, లెక్కేస్తే మొత్తం 24. తర్వాత 1950-51లో ఎన్‌బీసీ రేడియోలో డిటెక్టివ్ నీరో వుల్ఫ్‌గా గొంతు ఇచ్చాడు, ఆ పాత్ర కూడా ఇల్లు కదలని భారీ మనిషే కాబట్టి అతికినట్టు సరిపోయింది. 1954 జనవరిలో పోయాడు, 74 ఏళ్ళు.

కెమెరాకన్ను:
రేడియోలో కనపడకుండానే నడిపించాడు కాబట్టి ఆకారం విషయంలో సగం పాయింటు మీకు ఇచ్చేస్తున్నా. సగమే 😄 @నలుపుతెలుపు ముందు త్రీ స్ట్రేంజర్స్ పెట్టుకోండి, తర్వాత కనెక్టికట్. డిమిట్రియోస్ మాత్రం నిద్ర రాని రోజు చూడండి.