వయసుతో వినికిడి తగ్గితే సర్దుకుపోవాలా, యంత్రం పెట్టుకోవాలా?

ప్రశ్న – విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

నాకు 71 ఏళ్లు. కొంతకాలంగా ఎదుటివారి గొంతు వినిపిస్తోంది గాని, అన్న మాటేమిటో తెలియడం లేదు. పద్యనాటకమంటే నాకు ప్రాణం; ఇప్పుడు రాగం అందుతోంది, పద్యం అందడం లేదు. ఇంట్లో మనవలు ఏదో అంటే నవ్వి ఊరుకుంటున్నాను. పరీక్ష చేసినవారు రెండు చెవులకూ యంత్రాలు పెట్టుకోమన్నారు. ఈ వయసులో ఇది మామూలేనని సర్దుకుపోవడం మంచిదా, లేక యంత్రంతో నాటకం మళ్లీ నిజంగా వినగలనా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం – ఆడియాలజిస్టు, గుంటూరు

మాస్టారు గారికి నమస్కారం. లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే సన్నని కణాలు వయసుతో దెబ్బతింటాయి, మళ్లీ పుట్టవు. సాధారణంగా ముందు తగ్గేది కీచుగా ఉండే ధ్వనుల వినికిడి కాబట్టి, అచ్చులు సాగే రాగం మీకు అందుతూనే స, త, క వంటి హల్లులు జారిపోతున్నాయి. ఇది మామూలే అన్న మాట నిజం; కాని అందుకని సర్దుకుపోనక్కరలేదు. వినపడనివారు క్రమంగా నలుగురిలోకి రావడం మానేస్తారు, నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే. మతిమరుపు వ్యాధికి దారితీసే, మనం సరిదిద్దుకోగల 14 కారణాలను 2024లో లాన్సెట్ కమిషన్ (లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల బృందం) పేర్కొన్నప్పుడు వినికిడి లోపాన్నీ వాటిలో చేర్చింది. యంత్రం పెట్టుకుంటే ఆ జబ్బు రాదని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు. మీ ఆడియోగ్రామ్‌ను, అంటే వినికిడి పరీక్షలో గీసిన పటాన్ని, బట్టి అమర్చిన యంత్రాన్నే తీసుకోండి. చవక యాంప్లిఫయర్లు చాలావరకు అన్ని శబ్దాలనూ ఒకేలా పెంచుతాయి. ఎప్పుడైనా ఒక చెవి హఠాత్తుగా వినపడకపోతే ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

సమాధానం – గృహిణి, నెల్లూరు

అన్నయ్య గారూ, నేను యంత్రాలు వాడుతున్నాను. మొదట్లో గిన్నెల చప్పుడుకు తల దిమ్మెక్కేది, నా గొంతే నాకు కొత్తగా ఉండేది. రోజూ కొన్ని గంటలు ఇంట్లోనే పెట్టుకుని అలవాటు చేసుకున్నాక, ఫోనులో మా అమ్మాయి మాట పూర్తిగా తెలుస్తోంది. పెళ్లి మండపాల్లో మాత్రం ఇప్పటికీ కష్టమే. డబ్బుకు ఇబ్బందిపడే పెద్దలెవరైనా ఇది చదువుతుంటే, 2017లో మా నెల్లూరులోనే ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద, అర్హత ఉన్న 60 దాటినవారికి ఈ యంత్రాలు ఉచితంగా ఇస్తారని తెలుసుకోండి.

సమాధానం – రంగస్థల నటుడు, విజయవాడ

మాస్టారు గారూ, నటుల పెదవులు కనిపించేలా ముందు వరుసలో, స్పీకర్లకు ఎడంగా కూర్చోండి. మీకు కంఠస్థమైన పద్యాలున్న నాటకంతో మొదలుపెట్టండి, జారిన అక్షరాన్ని మీ జ్ఞాపకమే అందిస్తుంది.