డిస్క్ జారి సయాటికా వచ్చింది: ఆపరేషనా, ఆగడమా? ఎన్నాళ్లు ఆగొచ్చు?

కుర్చీ_శత్రువు
అందరికీ నమస్తే. ఎల్5-ఎస్1 దగ్గర, అంటే వెన్నెముక కింది చివర, ఎముకల మధ్య మెత్తలా ఉండే డిస్క్ జారి ఎడమవైపు నరాన్ని నొక్కుతోందని ఎంఆర్ఐలో వచ్చింది. పిర్ర దగ్గర మొదలై తొడ వెనకనుంచి పిక్క మీదుగా కాలి చిటికెన వేలి దాకా ఒకటే లాగుడు, సయాటికా అంటే ఇదేనట, కూర్చుంటే ఇంకా ఎక్కువ, తుమ్మొస్తే ఇక చెప్పక్కర్లేదు. రెండు నెలలు దాటింది. ఒక సర్జన్ మైక్రోడిస్కెక్టమీ (చిన్న కోతతో నరాన్ని నొక్కే డిస్క్ ముక్క తీసేసే ఆపరేషన్) చేయించేసుకోండి అన్నారు, ఇంకో డాక్టర్ ఇంకొన్నాళ్లు చూద్దాం అన్నారు. ఇంట్లోవాళ్లేమో వెన్నెముక మీద కత్తి పడితే ఇక లేవవు అని భయపెడుతున్నారు. మీరైతే ఏం చేస్తారు? ఊరికే చేయించుకో, వద్దు అని కాకుండా ఎందుకో కూడా చెప్పండి ప్లీజ్.

నడకే_మందు
ఆగు బ్రో. జారిన డిస్క్ చాలామందిలో దానంతటదే తగ్గిపోద్ది, ఇది గాల్లో మాట కాదు. బయటికొచ్చిన ముక్కని ఒళ్లు పరాయి వస్తువు లాగా చూసి మెల్లగా తినేస్తుంది. 2015లో ఒక రివ్యూ వచ్చింది, అందులో పూర్తిగా తెగి విడిపోయిన ముక్కలైతే 96 శాతం, బయటికి పొడుచుకొచ్చినవైతే 70 శాతం చిన్నవయ్యాయి, ఊరికే ఉబ్బినవి మాత్రం 13 శాతమే. అంటే రిపోర్టులో పెద్దగా భయంకరంగా కనిపించేదే ఎక్కువ తగ్గుద్ది. ఆ ఫిల్మ్ చూసి హడలిపోయి టేబుల్ ఎక్కేయొద్దు.

కోయించుకున్నోడు
అవతలోడి కాలికి ఓపిక నేర్పడం ఈజీనే. రాత్రి పక్క మీద ఎటు తిరిగినా నిద్ర పట్టనోడికి శాతాలు చెప్తే ఏం లాభం అన్నా? 2007లో నెదర్లాండ్స్‌లో 283 మంది మీద స్టడీ చేశారు, అందరికీ 6 నుంచి 12 వారాలుగా తీవ్రమైన సయాటికా ఉంది, అంటే మన కుర్చీ గారి లాంటోళ్లే. తొందరగా ఆపరేషన్ గ్రూపులో సగం మంది 4 వారాలకల్లా బాగున్నాం అన్నారు, ఆగిన గ్రూపులో అదే 12 వారాలు పట్టింది. ఆ రెండు నెలల జీతం, నిద్ర, ఇంట్లో చిరాకు ఎవరు లెక్కేస్తారు?

నడకే_మందు
అదే స్టడీ చివరిదాకా చదువు. ఏడాది తిరిగేసరికి రెండు గ్రూపుల్లోనూ 95 శాతం మంది కోలుకున్నారు. మరి కోత ఎందుకు?

కోయించుకున్నోడు
నువ్వు కూడా చదువు మరి 😀 ఆగిన గ్రూపులో 39 శాతం మంది ఆ ఏడాదిలోనే ఓర్చుకోలేక ఆపరేషన్ చేయించుకున్నారు. ఆ 95లో వాళ్లూ ఉన్నారు.

నడకే_మందు
సరే ఒప్పుకుంటా, కానీ మిగతా 61 శాతం కత్తి లేకుండానే బయటపడ్డారు కదా. నా పాయింటు అదే. ఆ 61లో మనం ఉంటామా లేదా అన్నది ఆగితేనే తెలుస్తుంది.

బెల్ట్_బాబాయ్
ఇవన్నీ ఎందుకండీ, నెల రోజులు కదలకుండా పడుకుంటే సర్దుకుంటుంది, నడుముకి బెల్ట్ వేసుకుంటే ఇంకా మంచిది.

వెన్నుపూస
బాబాయ్ గారూ, ఆ సలహా మాత్రం వద్దండి. నేను ఫిజియోథెరపిస్టుని. బెడ్ రెస్ట్ సంగతి 1999లోనే చూశారు, రెండు వారాలు మంచం మీద ఉన్నవాళ్లకీ మామూలుగా తిరిగినవాళ్లకీ తేడా ఏమీ రాలేదు. నొప్పి మరీ పీక్‌లో ఉన్నప్పుడు ఒకట్రెండు రోజులు పడుకుంటే తప్పు లేదు, అంతకు మించితే కండరాలు నీరసపడి లేచేటప్పుడు ఇంకా కష్టం. ఎక్కువసేపు ఒకే పొజిషన్‌లో ఉండకుండా మార్చుకుంటూ, ఓర్చుకోగలిగినంత దూరం నడుస్తూ ఉంటే చాలు.

ఇక అసలు విషయం. మీ ఇద్దరి వాదన అంతా నొప్పి చుట్టూనే తిరుగుతోంది, నేను ముందు అడిగేది నొప్పి గురించి కాదు, బలం గురించి. కుర్చీ గారూ, మడమల మీద నాలుగడుగులు నడవండి, తర్వాత గోడ పట్టుకుని ఒక్కో కాలి మీద మునివేళ్లపై లేవండి. రెండు కాళ్లూ ఒకేలా లేస్తున్నాయా? నొప్పి ఉండి బలం బాగుంటే ఆగడానికి టైం ఉంది. బలం రోజురోజుకీ తగ్గుతుంటే ఈ చర్చ ఇక్కడే ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మూత్రం రాకపోవడం, తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, రెండు కాళ్లూ ఒకేసారి లాగడం, వీటిలో ఏది కొత్తగా మొదలైనా తెల్లారేదాకా ఆగకూడదు, ఆ గంటే ఎమర్జెన్సీకి. అది వేరే జబ్బు, వెన్ను చివరి నరాల గుత్తి మొత్తం నలిగిపోవడం, కాడా ఈక్వైనా అంటారు, అక్కడ ఆపరేషనా ఆగడమా అన్న ప్రశ్నే లేదు.

ఇంకోటి, వ్యాయామం చేస్తుంటే పిక్కలో నొప్పి తగ్గి నడుములో పెరిగిందనుకోండి, చాలామంది భయపడి మానేస్తారు. నిజానికి నొప్పి కాల్లోంచి పైకి జరగడం సాధారణంగా మంచి గుర్తే. కిందికి పాకుతుంటే మాత్రం ఆ వ్యాయామం ఆపేయండి.

రెండో_అభిప్రాయం
నడకే_మందు అన్నయ్యా, ఆగు ఆగు అంటున్నావు, ఎన్నాళ్లు? దానికీ హద్దుంది. 2020లో కెనడా వాళ్లు 4 నుంచి 12 నెలలుగా సయాటికా ఉన్న 128 మందిని తీసుకున్నారు. ఆరు నెలల తర్వాత పదికి కాలి నొప్పి ఎంత అని అడిగితే ఆపరేషన్ గ్రూపు 2.8, మామూలు చికిత్స గ్రూపు 5.2. నాలుగు నెలలు దాటాక కూడా "తగ్గుద్దిలే" అనుకుంటూ కూర్చోవడం ఓపిక కాదు మొండితనం అని నా అభిప్రాయం. అలాగని కోయించుకున్నోడు చెప్పినంత తేలిక కూడా కాదు, కొందరికి అదే చోట మళ్లీ జారుతుంది, ఇన్ఫెక్షన్ రిస్కూ ఉంది, పైగా అది కాలి నొప్పికి చేసే ఆపరేషన్, నడుము నొప్పి పోతుందని ఎవరూ గ్యారంటీ ఇవ్వరు. మీ ప్రధాన బాధ నడుమే అయితే చాలా ఆలోచించండి.

కోయించుకున్నోడు
నడుము సంగతి కరెక్టే, నాకు కాలు లాగుడు పోయింది కానీ పొద్దున్నే నడుము బిగుసుకోవడం ఇంకా ఉంది. అయినా మళ్లీ అడిగితే చేయించుకోమనే చెప్తా.

మాత్రల_డబ్బా
మధ్యలో ఒక డౌట్, నరాల నొప్పికని ప్రీగాబలిన్ మాత్ర వాడుతున్నా, తల తిరుగుడు తప్ప ఏం కనపడట్లే. అందరికీ ఇదే రాస్తారు కదా?

వెన్నుపూస
2017లో ఆస్ట్రేలియా స్టడీలో సయాటికాకి అది ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా ఏమీ పనిచేయలేదు, తల తిరగడం మాత్రం ఎక్కువ వచ్చింది. కానీ మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి, డోసు మెల్లగా తగ్గించాలి, రాసిన డాక్టర్నే అడగండి.

కుర్చీ_శత్రువు
అక్కా ఇప్పుడే చేసి చూశా. మడమల మీద బానే నడిచా. మునివేళ్ల మీద కుడికాలు ఆగకుండా లేస్తోంది, ఎడమది రెండు మూడు సార్లకే వణికి దిగిపోతోంది. నొప్పి వల్ల కాదు, లేవట్లేదంతే. దీని గురించి ఏ డాక్టరూ అడగలేదు, నేనూ గమనించలేదు.

కోయించుకున్నోడు
ఇంకేం ఆలోచన, సర్జన్‌కి డేట్ చెప్పేయ్.

నడకే_మందు
కొంచెం బలం తగ్గినవాళ్లు కూడా ఆపరేషన్ లేకుండా కోలుకుంటారు బ్రో, ఒక్క టెస్టుకే ఆపరేషన్ డేట్ చెప్పేయాలా?

వెన్నుపూస
ఇద్దరూ సగం సగం కరెక్టు. బలం కాస్త తగ్గి అక్కడే నిలిచిపోతే ఆగడానికి వీలుండొచ్చు, పెరుగుతుంటే ఉండదు. ఏది అన్నది ఇక్కడ మనం టైప్ చేసి తేల్చేది కాదు. కుర్చీ గారూ, వచ్చే నెల కాదు, ఒకట్రెండు రోజుల్లో చూపించుకోండి, ఎడమ మునివేళ్ల మీద లేవలేకపోతున్నా అని మొదటి వాక్యంలోనే చెప్పండి, నొప్పి కథంతా తర్వాత. మడమ దగ్గర రిఫ్లెక్స్ కూడా చూడమనండి. ఈలోపు పాదం మరీ వదులైపోయినా, ఇందాక చెప్పిన మూత్రం, స్పర్శ లక్షణాలు వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకండి.

కుర్చీ_శత్రువు
రేపు సాయంత్రానికి దొరికింది అక్కా. ఎంఆర్ఐ మొదటి నెలలో తీసింది, కొత్తది తీయించుకుని వెళ్లాలా?

రెండో_అభిప్రాయం
ముందే తీయించకు తమ్ముడూ, ఫిల్మూ రిపోర్టూ రెండూ పట్టుకెళ్లు. పరీక్ష చేసి చూశాక కావాలంటే వాళ్లే రాస్తారు.