గోడ మీద భూసేకరణ నోటీసు: మన స్థలం ఉందో లేదో చూసుకోవడం ఎలా? (విజయవాడ)

బందరు రోడ్డు వాసి:
సెంటర్లో భూసేకరణ నోటీసు అంటించారు. అన్నీ సర్వే నంబర్లే, డోర్ నంబరు ఒక్కటీ లేదు. ఎవరి స్థలం పోతుందో వీధిలో ఎవరికీ అంతుపట్టడం లేదు.

దస్తావేజు:
ముందు దస్తావేజు చివర ఉండే షెడ్యూలు (ఆస్తి వివరాల పట్టిక) తీయండి. హద్దుల దగ్గర ఆర్.ఎస్. నంబరో, ఎన్.టి.ఎస్. నంబరో ఉంటుంది. మొదటిది రెవెన్యూ సర్వేది, రెండోది టౌన్ సర్వేది. ఒకే స్థలానికి రెండూ వేర్వేరు. దస్తావేజులో ఒకటి, నోటీసులో ఇంకోటి ఉంటే ‘మనది కాదులే’ అని వదిలేస్తారు, గడువు దాటిపోతుంది. లింకు డాక్యుమెంట్లలో (అదే స్థలం పాత దస్తావేజుల్లో) ఆ ఇంకో నంబరు దొరక్కపోతే సర్వే విభాగంలో అడగండి. సర్వే నంబరులో గీత (/) పక్కన ఉన్న సబ్‌డివిజన్ అంకె కూడా కలవాలి.

పటమట:
నోటీసు పైన ఏ చట్టం, ఏ సెక్షన్ అన్నది తప్పకుండా చదవండి. గడువు దాన్ని బట్టే. 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 11 అయితే ప్రకటన వెలువడ్డాక 60 రోజుల్లోగా కలెక్టర్‌కు రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. గోడ మీది కాగితం చిరిగిపోయినా కంగారు వద్దు. గెజిట్‌లో, రెండు దినపత్రికల్లో, కార్పొరేషన్, కలెక్టర్, తహసీల్దార్ ఆఫీసుల్లో కూడా అదే ప్రకటన ఉండాలి. ఆ తర్వాత ఆ భూమి అమ్మకం, తాకట్టు కుదరవు.

బందరు రోడ్డు వాసి:
అభ్యంతరంలో ఏం రాయాలండీ? అందరూ ‘రేటు చాలదు’ అని రాద్దామంటున్నారు.

దస్తావేజు:
వద్దండీ. ఈ దశలో చూసేవి మూడే: ఒకటి, ఆ భూమి విస్తీర్ణం, అనుకూలత; రెండు, ప్రజా ప్రయోజనం నిజంగా ఉందా; మూడు, సామాజిక ప్రభావ అంచనా నివేదికలో తేల్చినవి సరైనవేనా. పరిహారం క్లెయిమ్ తర్వాత సెక్షన్ 21 నోటీసు వచ్చినప్పుడు. ‘నన్ను స్వయంగా విచారించాలి’ అన్న వాక్యం మాత్రం మరవకండి, ఆ హక్కు సెక్షన్ 15లోనే ఉంది. వీధంతా కలిపి ఒక్క అర్జీ పెట్టేకన్నా ఎవరి సర్వే నంబరు, గజాలు వేసి వాళ్లు విడివిడిగా ఇవ్వడం మేలు.

సమాచార హక్కు:
సేకరించే స్థలం స్కెచ్ (పటం) నకలు కోసం ఆర్‌టీఐ పెట్టొచ్చు, ఫీజు 10 రూపాయలు. కానీ జవాబుకు 30 రోజులు పడుతుంది, అంటే సగం గడువు అక్కడే పోతుంది. అందుకే మొదటి వారంలోనే పెట్టండి, జవాబు కోసం అభ్యంతరం ఆపకండి.

పటమట:
వార్డు సిబ్బందికి నోటితో చెప్పింది లెక్కలోకి రాదు. అభ్యంతరం రెండు ప్రతులు తీసుకెళ్లి కలెక్టర్ ఆఫీసు తపాల్ సెక్షన్‌లో (అర్జీలు తీసుకునే చోట) ఇచ్చి, మీ ప్రతి మీద ముద్ర, తేదీ, ఇన్‌వార్డ్ నంబరు (అందినట్టు వేసే నంబరు) వేయించుకోండి.