హిల్బర్ట్ కర్వ్‌లో ఏడాది సోలార్ డేటా: సగమే నిండుతోంది, పైగా ఏమీ అర్థం కావట్లేదు

మేడమీదఎండ:
అందరికీ నమస్తే. మాది విజయవాడ. మేడ మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించి ఏడాది దాటింది. ఇన్వర్టర్ నుంచి గంటగంటకీ ఎంత కరెంటు వచ్చిందో జనవరి 1 నుంచి డిసెంబర్ 31 దాకా మొత్తం 8,760 రీడింగులు దించుకున్నాను. వీటితో హాల్లో గోడకి తగిలించుకునేలా ఒక బొమ్మ చేయాలని కోరిక. బార్ గ్రాఫులు ఆఫీసులో చూసేవే చాలు, ఇంట్లో కూడా అవే ఎందుకని హిల్బర్ట్ కర్వ్ పట్టుకున్నాను. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: ఒకటే గీత, తనని తాను ఎక్కడా దాటకుండా, మెలికలు తిరుగుతూ చదరంలోని ప్రతి గడికీ ఒక్కసారి వెళ్లొస్తుంది. ఒక్కో రీడింగూ వరసగా ఒక్కో గడిలో పడుతుంది, ఎంత కరెంటు వస్తే ఆ గడికి అంత రంగు. ఆర్డర్ అంటే మెలికలు ఎంత లోతుకి వెళ్లాయన్న లెక్క, అది ఒకటి పెంచితే గడులు నాలుగింతలవుతాయి. ఆర్డర్ 6లో 64×64, అంటే 4,096 గడులు, నాకు చాలవు. ఆర్డర్ 7లో 128×128, అంటే 16,384.

ఇక తలనొప్పి ఇది. ఆర్డర్ 7 వేస్తే ఎడమ సగం మొత్తం నిండి, కుడివైపు పైన ఒక చిన్న తునక వచ్చి, మిగతాదంతా ఖాళీగా మిగిలింది. డేటా తక్కువైంది కాబోలని 15 నిమిషాల రీడింగులు, అంటే 35,040 తీసుకుని ఆర్డర్ 8 వేశాను. అచ్చం అదే ఆకారం! అరగంట సేపు కోడ్‌లో తప్పు వెతుక్కున్నాను.

ఇంకోటి, కొన్ని చోట్ల పక్కపక్క గడుల మధ్య రంగు కత్తితో కోసినట్టు మారిపోతోంది. దగ్గర దగ్గర డేటా దగ్గర దగ్గరే పడుతుందని కదా అందరూ ఈ కర్వ్‌ని పొగిడేది? మా ఆవిడైతే చూసి "తడిసిన దుప్పటిలా ఉంది" అనేసి వెళ్లిపోయింది. అసలు ఇది సోలార్ డేటాకి పనికొస్తుందా, నేనే అనవసరంగా మోజు పడ్డానా?

నాలుగోఎక్కం:
ముందు ఆ సగం సంగతి. గంట డేటా నుంచి 15 నిమిషాల డేటాకి వెళ్తే రీడింగులు నాలుగింతలయ్యాయి, ఆర్డర్ 7 నుంచి 8కి వెళ్తే గడులూ నాలుగింతలే అయ్యాయి. నిష్పత్తి మారకపోతే ఆకారం ఎలా మారుతుంది బ్రో :) 8,760ని 4,096తో భాగిస్తే 2.14. అంటే నాలుగు పావుల్లో రెండు పూర్తిగా, మూడోదాంట్లో కొంచెం. కర్వ్ ఎడమ కింద మొదలై, ఎడమ పైకి, కుడి పైకి, చివరికి కుడి కిందకి వస్తుంది కాబట్టి నీకు కనిపించింది కరెక్టే.

చదరమే కావాలని పట్టు లేకపోతే దీర్ఘచతురస్రంలో తిరిగే రకం ఉంది, కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్‌లో గిల్బర్ట్ అని వెతుకు. 120×73 సరిగ్గా 8,760, ఒక్క గడి కూడా మిగలదు. పొడుగు వైపు సరి సంఖ్య కాబట్టి మధ్యలో ఎక్కడా ఏటవాలు అడుగు కూడా పడదు.

రంగు కోసుకుపోవడం రెండు రకాలుగా జరుగుతుంది, ఏదో ముందు తేల్చుకో. వరసగా వచ్చే ప్రతి రెండు గడుల మధ్య అడ్డం తేడా, నిలువు తేడా కూడితే ఎప్పుడూ 1 రావాలి. ఒక లూప్ వేసి చెక్ చెయ్. ఎక్కడైనా 1 కాకపోతే బగ్ నీదే. ఎక్కువమంది పడే గొయ్యి ఏంటంటే, గడి నుంచి నంబర్ కనుక్కునే ఫంక్షన్‌లోని తిప్పే భాగాన్ని తెచ్చి, నంబర్ నుంచి గడి కనుక్కునే ఫంక్షన్‌లో అలాగే అతికించేస్తారు. రెండో దాంట్లో తిప్పేటప్పుడు మొత్తం చదరం సైజు ఇవ్వకూడదు, ఆ మెట్టులో ఉన్న చిన్న చదరం సైజు ఇవ్వాలి. నేను దీని మీద ఒక ఆదివారం మొత్తం తగలేశాను.

చెక్‌లో అన్నీ 1 వస్తే మాత్రం అది కర్వ్ గుణమే. గీత మీద పక్కపక్కనున్నవి బొమ్మలో పక్కపక్కనే ఉంటాయి, ఇంతవరకే హామీ. బొమ్మలో పక్కపక్కనున్నవి గీత మీద కూడా దగ్గరే అన్న హామీ లేదు, ఉండదు కూడా. పూర్తిగా నిండిన చదరంలో మొదటి పావుకీ చివరి పావుకీ మధ్య గోడ ఉంది చూడు, దానికి అటూ ఇటూ ఆనుకుని ఉన్న గడుల మధ్య గీత మీద దూరం కనీసం సగం కర్వ్. నీ బొమ్మలో అయితే ఎడమ సగం మధ్యలో, కుడి అంచు దగ్గర చూడు, ఏప్రిల్ గడుల నెత్తిన నవంబర్ గడులు కూర్చుని ఉంటాయి.

పాతసర్వర్:
కర్వ్ తప్పేమీ లేదండీ, డేటాకీ దానికీ జాతకం కలవలేదు, అంతే. నేను నెట్‌వర్క్ పనిలో ఉన్నాను, మా దగ్గర ఇది రోజువారీ సరుకు. ఇంటర్నెట్‌లో కంప్యూటర్లకిచ్చే నంబర్లు, ఐపీవీ4 అడ్రసులు, 2^32, అంటే దాదాపు 429 కోట్లు. అదొక పొడవాటి తాడు, దానికి వెడల్పు లేదు. 4096×4096 బొమ్మలో హిల్బర్ట్ ప్రకారం పరిస్తే ఒక్కో పిక్సెల్‌కి 256 అడ్రసులు వస్తాయి. అడ్రసులు పంచేది కూడా రెండింతల లెక్కలోనే కాబట్టి, /8 బ్లాక్ (మొత్తం అడ్రసుల్లో 256వ వంతు) అంటే సరిగ్గా 256×256 పిక్సెళ్ల చదరం, /9 అంటే అందులో సగం, /10 అంటే మళ్లీ చదరం. ఎక్కడ పెట్టినా ముక్క చెక్కుచెదరదు. 2006లో ఎక్స్‌కేసీడీ వెబ్‌కామిక్ ఇంటర్నెట్ మ్యాప్ అని ఒకటి ఇలాగే గీసింది, ఎవరికీ ఇవ్వని అడ్రసులున్న చోట పచ్చగడ్డి వేసి మరీ. మేము అడ్రసులన్నీ వరసగా తట్టి చూసేవాళ్ల స్కానింగ్ ట్రాఫిక్‌ని ఇలా గీసి చూస్తే ఏ బ్లాక్‌లో గొడవ జరుగుతోందో దూరం నుంచే కనిపిస్తుంది, ఆ నంబర్లనే లిస్టుగా ఇస్తే కళ్లు పోతాయి.

జీనోమ్ వాళ్లదీ ఇదే కథ. క్రోమోజోమ్ అంటే కోట్ల డీఎన్ఏ అక్షరాల తాడు, హిల్బర్ట్‌విస్ అని 2009లో దానికోసమే ఒక టూల్ వచ్చింది.

మీ సోలార్ డేటాకి మాత్రం పుట్టుకతోనే రెండు దిక్కులున్నాయి. రోజులు ఒక దిక్కు, గంటలు ఒక దిక్కు. 24×365 గళ్ల కాగితం వేసి రంగులేస్తే సూర్యోదయం, సూర్యాస్తమయం ఏడాది పొడవునా మెల్లగా ఒంపు తిరగడం కూడా కనిపిస్తుంది. మీరు ఆ రెండు దిక్కుల్నీ తీసేసి ఒకే తాడుగా పేని, మళ్లీ ఆ తాడుని చదరంలో ఉండచుట్టారు. పైగా 24 అనే సంఖ్య హిల్బర్ట్‌కి పడదు. దానికి 4, 16, 64 కావాలి. 16 గడులకి ఒక 4×4 ముక్క అయిపోతుంది కాబట్టి మీ ఒక్కో రోజూ ఒకటిన్నర ముక్కలు తింటుంది, అందుకే మధ్యాహ్నం 12 ఒక్కో రోజు ఒక్కో చోట తేలుతుంది. దుప్పటిలా ఉందంటే మరి ఉండదా!

ఊదాచుక్క:
నేను వేరే పని మీద వచ్చాను కానీ ఇది చూసి ఆగిపోయా. మెలికల ముగ్గులు వేసేవాళ్లకి ఇదంతా చాలా తెలిసిన సంగతిలా అనిపిస్తుంది. చుక్కలు పెట్టుకుని, చెయ్యి ఎత్తకుండా, ఒకటే గీత అన్ని చుక్కల చుట్టూ తిరిగి మొదలైన చోటికే వచ్చేస్తుంది. మా అమ్మమ్మకి ఒక మెలిక తప్పితే చివర్లో గీత కలవదని ముందే తెలిసిపోయేది, ఎలాగో మాకు తెలిసేది కాదు. మన ముగ్గులే ప్రపంచంలో మొదటి స్పేస్ ఫిల్లింగ్ కర్వులు (చోటంతా నింపేసే గీతలు) అనొచ్చు కదా?

నాలుగోఎక్కం:
@ఊదాచుక్క గారూ, అలా అనేస్తే వాట్సాప్ ఫార్వర్డ్ అయిపోతుందండీ :) చిన్న తేడా ఉంది. ముగ్గు గీత చుక్కని చుట్టి వెళ్తుంది, హిల్బర్ట్ గీత చుక్క మీదుగా వెళ్తుంది. చాలా మెలికల ముగ్గుల్లో ఒకటే గీత ఉండదు, రెండు మూడు వేరు వేరు గీతలు ఒకదాన్లోంచి ఒకటి దూరి ఉంటాయి. గీత తనని తాను దాటుతుంది కూడా. ఇంకా పేచీ పెట్టాలంటే, మనం స్క్రీన్ మీద గీసే ఆర్డర్ 7, 8 కూడా నిజానికి స్పేస్ ఫిల్లింగ్ కాదు, ఆర్డర్ అనంతం దాకా వెళ్లాక మిగిలేదానికే ఆ పేరు. 1890లో పియానో అనే గణితవేత్త మొదటిది కనిపెట్టాడు, ఆయన పేపర్లో ఒక్క బొమ్మ కూడా లేదు. మరుసటి ఏడాది హిల్బర్ట్ బొమ్మ వేసి చూపించాడు, ఇవాళ మనం ఆయన పేరే చెప్పుకుంటున్నాం. బొమ్మ వేసినవాడిదే రాజ్యం.

అయినా మీరు పట్టుకున్న బంధుత్వం మాత్రం ఉత్తదేం కాదు. 1970ల్లోనే మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి అనే ప్రొఫెసర్, ఆయనతో పనిచేసినవాళ్లు కోలాల్ని (తమిళ ముగ్గుల్ని) వ్యాకరణ సూత్రాలుగా రాశారు. ఒక ముక్క బదులు ఇంకో పెద్ద ముక్క పెట్టు, మళ్లీ పెట్టు, ముగ్గు పెరుగుతుంది. లిండెన్‌మేయర్ 1968లో మొక్కల ఎదుగుదల కోసం రాసిన ఎల్-సిస్టమ్స్‌దీ ఇదే పద్ధతి, మనం హిల్బర్ట్ కర్వ్ గీసే చిన్న ప్రోగ్రాములు కూడా చాలావరకు అవే. కృష్ణుడి అందెలు అనే కోలం ఒకటుంది, దాని సూత్రం చూస్తే 1912 నాటి, ఇలాగే చోటు నింపే సియర్‌పిన్‌స్కీ కర్వ్‌కి దగ్గరి చుట్టం.

ఊదాచుక్క:
సరే, మొదటివి అన్నమాట వెనక్కి తీసుకున్నా. అందెలు ముగ్గు వెతికి సంక్రాంతికి వేస్తా.

పెన్నుపోటు:
ఇక్కడ ఎవరూ గీసేవాళ్లు లేరా, అందరూ లెక్కలవాళ్లేనా. నాకు ఒక పెన్ ప్లాటర్ (కంప్యూటర్ చెప్పినట్టు పెన్నుతో గీసే మెషిన్) ఉంది, మూడేళ్లుగా ఇవే గీస్తున్నా. ప్లాటర్‌కి పెన్ను ఎత్తి దించడమే పెద్ద బాధ, దించిన ప్రతిచోటా సిరా చుక్క పడుతుంది, అందుకే ఒకే గీతలో అయిపోయే కర్వ్ అంటే మాకు ప్రాణం. ఆర్డర్ 7ని 18 సెంటీమీటర్ల చదరంలో గీస్తే గీతకీ గీతకీ మధ్య 1.4 మిల్లీమీటర్లు, మొత్తం పొడవు 23 మీటర్లు. ఆర్డర్ 8కి వెళ్తే సందు 0.7కి పడిపోతుంది, 0.5 పెన్ను వాడితే కాగితం నల్లగా అయిపోతుంది, కాస్త పీల్చే కాగితమైతే చిరిగిపోతుంది కూడా. నేను మొదటి నెలలో పాడుచేసిన షీట్లు లెక్కపెట్టలేదు. ఫొటో గీయాలంటే మొత్తం ఒకే ఆర్డర్ పెట్టకుండా, నలుపు ఉన్న చోట లోతుకి దిగి, తెలుపు ఉన్న చోట పైపైన మెలిక తిప్పి వదిలేయాలి, గీత తెగదు కానీ మొహం కనిపిస్తుంది.

@మేడమీదఎండ, పాతసర్వర్ గారు చెప్పింది నిజమే కానీ గళ్ల కాగితం గోడకి పెట్టుకుంటే మళ్లీ ఆఫీసే గుర్తొస్తుంది. మధ్యే మార్గం ఒకటి చెప్తా. హిల్బర్ట్‌ని ఒక్క రోజు లోపలే ఉంచు. 15 నిమిషాల రీడింగులు ఉన్నాయి కదా, ఆరేసి కలిపితే గంటన్నరకి ఒకటి, రోజుకి 16. అంటే సరిగ్గా 4×4. అర్ధరాత్రి ఎడమ కింద మూలలో మొదలవుతుంది, మళ్లీ అర్ధరాత్రి కుడి కింద మూలలో ముగుస్తుంది. మధ్యలో ఏం జరుగుతుందో కాగితం మీద గీసి చూడు: ఉదయం 6కి గీత పై సగంలోకి ఎక్కుతుంది, సాయంత్రం 6కి కిందకి దిగుతుంది. పగలంతా పైన, రాత్రంతా కింద! ఇది నేను పెట్టింది కాదు, ఆ కర్వ్ అలాగే ఉంది.

ఇంకా బాగుంది విను. ఈరోజు చదరం కుడి కింద ముగిసింది కదా, రేపటి చదరం ఎడమ కింద మొదలవుతుంది, రెండూ ఆనుకునే ఉంటాయి. కాబట్టి నెల మొత్తం ఒకటే గీత. పన్నెండు నెలలకి పన్నెండు గీతలు, పెన్ను పన్నెండుసార్లే దించాలి. A3 కాగితం అడ్డంగా పెట్టి 39 సెంటీమీటర్ల వెడల్పు తీసుకుంటే గడికి 3.1 మిల్లీమీటర్లు వస్తుంది, చాలు. కరెంటు ఎంత వస్తే ఆ గడిలో గీతని అంత వణికించు, రాత్రి గడుల్లో నిటారుగా వదిలేయ్. జూలై, ఆగస్టు మబ్బులు వాటంతట అవే తెలుస్తాయి.

పాతసర్వర్:
6 నుంచి 6 దాకా పై సగం అన్నది నేను కాగితం మీద వేసి చూసుకున్నాను. 16 గడుల్లో నడిమి ఎనిమిదీ పైవే. ఇన్నేళ్లు ఈ కర్వ్‌తో పనిచేసి కూడా రోజుని అందులో పెట్టి చూడాలని తట్టలేదు, ఒప్పుకుంటున్నా.

మేడమీదఎండ:
అందరికీ చాలా థ్యాంక్స్. లూప్ వేసి చెక్ చేశా, అన్నీ 1 వచ్చాయి, అంటే బగ్ లేదు, ఏప్రిల్ మీద నవంబరే కూర్చుంది. తర్వాత పెన్నుపోటు గారి పద్ధతిలో జనవరి నుంచి మార్చి దాకా స్క్రీన్ మీద వేశాను. వరసగా చిన్న చిన్న గుడి గోపురాల్లా వస్తున్నాయి, పైభాగం వణుకుతూ, కింద నున్నగా. మా ఆవిడకి చూపిస్తే "ఇది ముగ్గు అంచులా ఉంది" అంది, దుప్పటి నుంచి ఇక్కడికి వచ్చామంటే ప్రమోషనే. మార్చిలో ఒక రోజు మొత్తం నిటారు గీతే ఉంది, ఏంటా అని చూస్తే ఇన్వర్టర్ ట్రిప్ అయిన రోజు, మేము సాయంత్రం దాకా గమనించలేదు. ఆ రోజుని సగటుతో పూడ్చమంటారా, అలాగే వదిలేయాలా?

పెన్నుపోటు:
పూడ్చకు. ఇంటికొచ్చినవాళ్లు ముందు దాన్నే అడుగుతారు. కోడ్ ఇక్కడ పెడతావా?

మేడమీదఎండ:
రేపు పెడతా. వేరియబుల్స్ పేర్లు మార్చాలి ముందు, ఇప్పుడున్నవి చూస్తే మీరే తిడతారు.