కైరోస్: ఆయువుపట్టు అదనుగా ఎలా మారింది?

ప్రాచీన గ్రీకు చదివినవారు దయచేసి చెప్పండి. క్రోనోస్ అంటే సాగిపోయే కాలం, కైరోస్ అంటే అదను; అంతవరకు తేలికే. కానీ హోమర్ కావ్యం ఇలియడ్‌లో కైరోస్ విశేషణ రూపాన్ని బాణం దిగితే ప్రాణం పోయే ఆయువుపట్టుకు వాడారు. ప్రాచీన గ్రీకు కవి హెసియడ్‌లో అది తగిన మోతాదు. క్రీ.పూ. 4వ శతాబ్దపు శిల్పి లిసిప్పస్ మలచిన అదను దేవుడు కైరోస్‌కు నుదుటి మీద జుట్టు, వెనక బోడితల, చేతిలో మంగలికత్తి. ఎదురొచ్చినప్పుడే జుట్టు అందుతుంది, దాటిపోతే పట్టు దొరకదు. ఎంత గొప్ప ఊహ! నేటి గ్రీకులో ఇదే మాటకు వాతావరణం అని కూడా అర్థం ఉండటం నన్ను మరీ ఆశ్చర్యపరుస్తోంది.

ఒంట్లోని చోటు సమయంగా ఎప్పుడు మారింది? వాతావరణం అనే అర్థం మొదట ఏ కాలపు రాతల్లో కనిపిస్తుంది? మగ్గం పనిలో కైరోస్ అనే మరో మాట ఉంది కదా, దానితో దీనికి చుట్టరికం ఉందా?